బలాలు–చలనం కిట్ రివ్యూ: ట్రాక్ అదుర్స్, బుక్‌లెట్ దండగ

సైన్స్ కిట్లంటే నాకు ముందు నుంచీ కొంచెం అనుమానమే, చాలా వాటికి పెట్టె మీద బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది, లోపల చూస్తే నాలుగు ప్లాస్టిక్ ముక్కలు, పిల్లలు ఒక సాయంత్రం ఆడి మంచం కిందకి తోసేస్తారు. ఈ కిట్ ఆ టైపు కాదు. బలం పెడితే వస్తువు కదలికలో ఏం మారుతుంది అనే ఒక్క విషయం పట్టుకుని దాని చుట్టూ సామాను ఇచ్చాడు, ఆ సామాన్లో సగం చాలా బాగుంది, పావు వంతు పర్లేదు, మిగతా పావు ఇవ్వకపోయినా నష్టం లేదు. ఏది ఏ బాపతో చెప్తాను, తొమ్మిది పది చదివే పిల్లలున్నవాళ్లకీ ట్యూషన్ చెప్పేవాళ్లకీ పనికొస్తుంది.

పెట్టెలో ఏమున్నాయంటే 1.2 మీటర్ల అల్యూమినియం ట్రాక్, దానికి కింద స్క్రూ కాళ్లు, రెండు బండ్లు ఒక్కోటి 500 గ్రాములు, రెండు కప్పీలు, దారం, 50 గ్రాముల నుంచి 500 గ్రాముల దాకా బరువులు, బలాన్ని న్యూటన్లలో చూపించే స్ప్రింగ్ త్రాసులు రెండు, ఒక్కోటి 5 న్యూటన్ల దాకా, ఒక్కో వైపు ఒక్కో రకం ఉపరితలం ఉన్న చెక్క దిమ్మె, బండి మీద బిగించుకునే చిన్న ఫ్యాన్, లైట్ సెన్సర్ టైమర్లు రెండు, ఇంకా చిల్లర సామాను కొంచెం. దాంతోపాటు ఒక బుక్‌లెట్, దాని సంగతి తర్వాత చెప్తా, దానికి విడిగా పెట్టాలి క్లాసు.

ముందు ట్రాక్. డబ్బులు పెట్టింది దీనికే అనుకోండి, మిగతావన్నీ కొసరు. బండి చక్రాలకి బాల్ బేరింగులున్నాయి, వేలితో అలా అంటే చాలు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లిపోతుంది, వేగం పెద్దగా తగ్గినట్టు కూడా కనపడదు. అయితే టేబుల్ మీద పెట్టగానే మొదలెట్టేయకండి, లెవెల్ చూసుకోవాలి. ట్రాక్ ఒక్క డిగ్రీ వాలినా చాలు, గురుత్వాకర్షణ వల్ల బండికి సుమారు 0.17 మీటర్/సెకన్² త్వరణం (సెకనుకి వేగంలో వచ్చే మార్పు) వచ్చేస్తుంది, అంటే మనం ఏ బలమూ పెట్టకుండానే రెండు సెకన్లలో ముప్పై నాలుగు సెంటీమీటర్లు జరుగుతుంది, ఇక తర్వాత తీసుకున్న కొలతలన్నీ తప్పే. కాళ్ల స్క్రూలు తిప్పుతూ, బండిని మధ్యలో వదిలి ఎటూ కదలకుండా నిలబడేదాకా సరిచేసుకోవాలి. విసుగనిపిస్తుంది గానీ ఇది కూడా పాఠమే, కంటికి సమతలంగా కనపడే టేబుల్ నిజానికి ఎంత వాలి ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

లెవెల్ అయ్యాక మా అమ్మాయి బండిని ఒక్కసారి తోసి వదిలింది. అది వెళ్తూ ఉంది. "నాన్నా, ఇప్పుడు దీన్ని ఎవరు తోస్తున్నారు?" అంది. ఎవరూ తొయ్యట్లేదమ్మా అంటే నమ్మదు, ఎవరో ఒకరు తోయాలి కదా లేకపోతే ఎలా వెళ్తుంది అంటుంది. మామూలు బొమ్మ కారుతో ఈ వాదన తేలదు, ఎందుకంటే అది నిజంగానే రెండు అడుగులు పోయి ఆగిపోతుంది, దాంతో బలం ఆగితే కదలిక ఆగుతుంది అనే నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. ఈ ట్రాక్ మీద మాత్రం ఘర్షణ ఎంత తగ్గిస్తే బండి అంత దూరం పోతుందని కళ్లతో చూడొచ్చు. చక్రం మీద కావాలనే ఒత్తిడి పెట్టే చిన్న బ్రేక్ ప్యాడ్ ఇచ్చాడు, దాన్ని బిగించి తోస్తే తొందరగా ఆగుతుంది, కొంచెం వదులు చేస్తే ఇంకొంచెం దూరం, పూర్తిగా తీసేస్తే చివరి దాకా. అసలు ఘర్షణే లేకపోతే ఏమవుతుంది అనే ప్రశ్న పిల్లల నోట్లోంచే వస్తుంది. గెలీలియో అచ్చం ఇలాగే వాలు తలాల మీద గుండ్లు దొర్లించి ఆలోచించాడు, ఏ బలమూ అడ్డుపడకపోతే కదిలే వస్తువు అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుందని న్యూటన్ 1687లో మొదటి నియమంగా రాశాడు. ఇప్పటికీ జనం నమ్మనిది ఇదే. 1977లో పంపిన వోయేజర్-1 అంతరిక్ష నౌక ఇంజిన్ తోపు లేకుండానే సెకనుకి దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంది కదా అని చెప్తే మా అమ్మాయి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత వెళ్లి బ్రేక్ ప్యాడ్ తీసేసి మళ్లీ తోసింది.

ఇక కిట్ మొత్తంలో నాకు బాగా నచ్చింది కప్పీ ప్రయోగం. బండికి దారం కట్టి, ట్రాక్ చివర కప్పీ మీద నుంచి కిందకి వదిలి, బరువు వేలాడదీస్తారు. బరువు కిందకి పడుతుంటే బండి పరుగెత్తుతుంది. చూడ్డానికి ఇంతే గానీ ఇందులో ఒక తిరకాసు ఉంది, చాలా మంది ఇక్కడే బోల్తా పడతారు. 50 గ్రాములు వేలాడదీశాం అనుకోండి, లాగే బలం 0.05 ఇంటూ 9.8 అంటే 0.49 న్యూటన్లు. బండి అర కిలో కాబట్టి త్వరణం 0.98 రావాలి కదా అని మా అన్నయ్య కొడుకు లెక్కేశాడు. టైమర్ చూస్తే అంత రాదు, 0.89 దగ్గర వస్తుంది. "బాబాయ్, కిట్ తేడాగా ఉంది" అన్నాడు. కిట్‌ది కాదు తేడా, ఆ 0.49 న్యూటన్లు బండినొక్కదాన్నే కాదు, వేలాడే 50 గ్రాముల్ని కూడా కదిలించాలి, అది కూడా అదే త్వరణంతో కిందకి పోతోంది. అంటే మొత్తం 550 గ్రాములు. 0.49ని 0.55తో భాగిస్తే 0.89. కుర్రాడు కాగితం మీద మళ్లీ లెక్కేసి ఊరుకున్నాడు.

ఇప్పుడు బలం రెట్టింపు చేద్దాం అని 100 గ్రాములు వేలాడదీస్తే త్వరణం కూడా రెట్టింపు కావాలి, 1.78 రావాలి అనిపిస్తుంది, కానీ వచ్చేది 1.63. మళ్లీ అదే కథ, బలం పెంచుతూ పెంచుతూ మనకి తెలియకుండానే ద్రవ్యరాశిని కూడా పెంచేశాం. దీనికి మందు ఏంటంటే మొత్తం బరువు మారకుండా చూసుకోవడం. ముందు 50 గ్రాముల బిళ్ల ఒకటి బండి మీద పెట్టి, ఇంకో 50 వేలాడదీయాలి, మొత్తం 600. తర్వాత బండి మీద బిళ్ల తీసి వేలాడే దానికి కలపాలి, ఇప్పుడూ మొత్తం 600. ఇలా చేస్తే త్వరణం 0.82 నుంచి 1.63కి పోతుంది, అచ్చంగా రెట్టింపు. చక్రాల ఘర్షణ వల్ల కొలిచినవి లెక్కకంటే కాస్త తక్కువే వస్తాయనుకోండి, కానీ నిష్పత్తి చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. ఆ కొంచెం ఘర్షణని కూడా కొట్టెయ్యాలంటే ట్రాక్‌ని ఒక వైపు చిటికెడు ఎత్తండి, దారం లేకుండా తోసినప్పుడు బండి సమవేగంతో పోయేంత ఎత్తు చాలు, ల్యాబుల్లో పాతకాలం నుంచీ చేసే పనే ఇది. బుక్‌లెట్లో ఈ ముక్క లేదు, బిళ్ల మార్చే ముక్క కూడా లేదు, రెట్టింపు బలానికి రెట్టింపు త్వరణం వస్తుంది చూడండి అని మాత్రం రాశాడు, రాకపోతే పిల్లాడు ఎవరిని అడగాలి?

టైమర్ల గురించి. సెన్సర్ మధ్య నుంచి బండి మీద పెట్టిన 5 సెంటీమీటర్ల అట్ట ముక్క పోతుంటే, ఎంతసేపు అడ్డుపడిందో చూపిస్తుంది, 0.05 సెకన్లు వస్తే వేగం సెకనుకి మీటరు అన్నమాట. గదిలో నీడపట్టున పెడితే చక్కగా పనిచేస్తాయి. ఎండ నేరుగా పడే చోట పెడితే మాత్రం గుడ్డివైపోతాయి, బండి పోయినా లెక్క పడదు, రెండుసార్లు పడిందని కూడా చూపిస్తుంది. కంప్లైంట్ చేస్తే నీడలో పెట్టుకోండి అన్నారు. అదేదో పెట్టె మీదే రాస్తే పోయేది కదా.

నిజానికి టైమర్ల కంటే ఫోను బాగా పనికొచ్చింది. ఇప్పుడు చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటుంది, అంటే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 4 మిల్లీసెకన్లు. ట్రాక్ పక్కన కొలత టేపు అంటించి వీడియో తీసి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ బండి ఎక్కడుందో రాసుకుంటే సరిపోతుంది. త్వరణం 0.8 దగ్గర ఉన్నప్పుడు ప్రతి 0.2 సెకన్లకీ చూస్తే బండి 1.6, 6.4, 14.4, 25.6 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మధ్య దూరాలు తీయండి, 1.6, 4.8, 8, 11.2. అన్నిటినీ 1.6తో భాగిస్తే ఒకటి, మూడు, ఐదు, ఏడు! నాకైతే ఇది ఎప్పుడు చూసినా ఒళ్లు పులకరిస్తుంది. ఈ బేసి సంఖ్యల వరస గెలీలియో కనిపెట్టిందే, ఆయన దగ్గర స్లో మోషనూ లేదు సరైన గడియారమూ లేదు, సన్నని ధారగా నీళ్లు వదిలి ఆ నీళ్లని తూచి కాలం లెక్కేశానని 1638లో వచ్చిన పుస్తకంలో రాసుకున్నాడు. మనం ఫోను జేబులో పెట్టుకుని సెన్సర్ సరిగా లేదని ఏడుస్తున్నాం.

చెక్క దిమ్మె చూడ్డానికి ఏముందిలే అనిపిస్తుంది, తీరా మొదలెడితే ఎక్కువసేపు పట్టింది దానికే. దిమ్మె 150 గ్రాములు, ఒక ముఖం ఉత్త చెక్క, ఒకటి రబ్బరు, ఒకటి నున్నటి ప్లాస్టిక్, ఇంకోటి గరుకు కాగితం. స్ప్రింగ్ త్రాసు తగిలించి మెల్లిగా లాగితే ముల్లు పెరుగుతూ పోతుంది, దిమ్మె కదలదు, 0.2 పెడితే 0.2కి సరిపడా ఆపుతుంది, 0.4 పెడితే 0.4కి సరిపడా ఆపుతుంది. చాలామందికి తెలియని సంగతి ఇదే, స్థైతిక ఘర్షణకి, అంటే ఇంకా కదలని వస్తువుని ఆపే ఘర్షణకి, ఒకే విలువ ఉండదు, అవసరమైనంత పెరుగుతుంది, దానికో హద్దు మాత్రం ఉంటుంది. మా దగ్గర చెక్క ముఖానికి 0.6 న్యూటన్ల దగ్గర టక్కున జారింది, జారిన వెంటనే ముల్లు 0.5కి పడిపోయింది. కదిలించడానికి కావలసిన దాని కంటే కదులుతూ ఉంచడానికి తక్కువ చాలు అన్నది ఆ ముల్లు పడిపోవడంలో కనపడుతుంది, ఆ ఒక్క క్షణం కోసం మళ్లీ మళ్లీ లాగించారు నాచేత.

తర్వాత దిమ్మెని పలక మీద పెట్టి పలకని మెల్లిగా ఎత్తుకుంటూ పోవాలి. చెక్క ముఖం 22 డిగ్రీల దగ్గర జారింది. దిమ్మె మీద ఇంకో 150 గ్రాములు పెట్టి ఎత్తితే ముందే జారుతుందని ఒకళ్లు, లేదు ఆలస్యంగా జారుతుందని ఒకళ్లు పందెం. ఇద్దరూ ఓడిపోయారు, మళ్లీ 22 దగ్గరే జారింది. బరువు పెరిగితే కిందకి లాగే బలం పెరిగింది, పలకని ఒత్తే బలం కూడా అదే నిష్పత్తిలో పెరిగింది కాబట్టి ఘర్షణా పెరిగింది, రెండూ కొట్టుకుపోయాయి. ఒత్తే బలంలో ఎన్నో వంతు ఘర్షణ వస్తుందో చెప్పే అంకెని ఘర్షణ గుణకం అంటారు, జారే కోణం టాన్ విలువే అది, 22 డిగ్రీలకి 0.4, స్ప్రింగ్ త్రాసుతో కొలిచిన 0.6ని దిమ్మె బరువు 1.47 న్యూటన్లతో భాగించినా అదే 0.4 దగ్గర వస్తుంది. రెండు వేరే దారుల్లో పోయి ఒకే నంబర్ దగ్గర కలిస్తే పిల్లలకి వచ్చే నమ్మకం వేరు. రబ్బరు వైపు పెడితే 40 డిగ్రీలు దాటినా కదల్లేదు. దిమ్మెని సన్నటి అంచు మీద నిలబెట్టినా ఉత్త చెక్కకి కోణం దాదాపు మారదు, తగిలే వైశాల్యంతో సంబంధం లేదని ఫ్రాన్స్‌లో అమాంటన్ అనే శాస్త్రవేత్త 1699లోనే చెప్పాడు. రబ్బరు మాత్రం ఈ రూలుకి పూర్తిగా లొంగే రకం కాదు, అందుకే దాంతో ఈ ప్రయోగం చెయ్యకండి, అనవసరంగా తికమక.

స్ప్రింగ్ త్రాసులతో ఒక పొడుపు కథ లాంటి ప్రయోగం ఉంది, దీనికోసమే ఇంటికొచ్చిన పెద్దవాళ్లని కూడా కూర్చోబెట్టాను. ట్రాక్ రెండు చివర్లా కప్పీలు బిగించి, మధ్యలో త్రాసు పడుకోబెట్టి, రెండు వైపులా దారాలకి అర కిలో చొప్పున బరువులు వేలాడదీయండి. త్రాసు ఎంత చూపిస్తుంది? అటు 4.9 న్యూటన్లు ఇటు 4.9 న్యూటన్లు కాబట్టి 9.8 అంటారు కొందరు. సమానంగా ఎదురెదురు లాగుతున్నాయి కాబట్టి సున్నా అంటారు ఇంకొందరు, ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా. చూపించేది 4.9. ఒక వైపు బరువు తీసేసి ఆ దారాన్ని గోడకి మేకుకి కట్టేయండి, అప్పుడూ 4.9 మాత్రమే. గోడ కూడా అర కిలో బరువు లాగినట్టే లాగుతోంది మరి. ఇది చూపించాక చర్య ప్రతిచర్య అనే మాటలు చెప్పడం చాలా తేలికైంది. రెండు త్రాసుల్ని కొక్కేలతో కలిపి ఇద్దరు పిల్లలు చెరో వైపు లాగితే ఎవరు గట్టిగా లాగినా రెండు ముళ్లూ ఒకే అంకె మీద ఉంటాయి, "నేను వాడి కంటే గట్టిగా లాగుతున్నా" అనే మాటే కుదరదు, ఇద్దరూ ఎంత ప్రయత్నించినా.

బండ్లు గుద్దుకునే ప్రయోగాలు బాగున్నాయి, ఇవి ఎక్కువ చెప్పను, చూసి ఆనందించాల్సినవి. చివర్లో అయస్కాంతాలున్నాయి, ఒకటి ఆగి ఉన్నప్పుడు రెండోది వచ్చి కొడితే వచ్చింది ఆగిపోయి ఆగింది వెళ్లిపోతుంది, ఒకదాన్నొకటి తాకను కూడా తాకవు. వెల్క్రో వైపు తిప్పితే అతుక్కుని సగం వేగంతో రెండూ కలిసి పోతాయి. ద్రవ్యవేగం (ద్రవ్యరాశి ఇంటూ వేగం) పోలేదు గానీ గతిశక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి మాత్రం సగం పోయింది, అది వేడిగానో చప్పుడుగానో మారింది. మధ్యలో స్ప్రింగ్ పెట్టి వదిలేది కూడా ఉంది, ఒక బండి మీద అదనంగా అర కిలో పెడితే అది రెండో బండి వేగంలో సగంతోనే పోతుంది. వెల్క్రో మాత్రం నాసిరకం, కొన్నాళ్లకే అంచులు లేచిపోయాయి, మేము వేరేది తెచ్చి అంటించుకున్నాం.

ఫ్యాన్ బండి దగ్గర నా అభిప్రాయం మారింది. మొదట ఇదేదో బొమ్మ, పిల్లల్ని ఆకట్టుకోవడానికి ఇచ్చాడు అనుకున్నా. ఫ్యాన్ వెయ్యగానే బండి ముందు నత్తలా కదిలి తర్వాత వేగం పుంజుకుంటూ పోతుంది, అదే బలం అదే బండి, కానీ వేగం పెరుగుతూనే ఉంది, బలం తెచ్చేది వేగం కాదు వేగంలో మార్పు అని ఇంతకంటే సూటిగా చూపించే వస్తువు నేనైతే చూళ్లేదు. అసలు మజా ఏంటంటే ఫ్యాన్‌ని ఎదురు దిక్కుకి పెట్టి బండిని చేత్తో ముందుకి తోయండి. ముందుకి వెళ్తూ వెళ్తూ నెమ్మదిస్తుంది, ఒక చోట ఆగినట్టు అనిపిస్తుంది, వెంటనే వెనక్కి తిరిగి వేగం పెంచుకుంటూ వచ్చేస్తుంది. ఆగిన ఆ క్షణంలో వేగం సున్నా, మరి త్వరణం? సున్నా అని టపీమని చెప్తారు పిల్లలు. సున్నా అయితే అక్కడే ఉండిపోవాలి కదరా, వెనక్కి ఎందుకొచ్చింది అని అడగండి. ఫ్యాన్ ఆ క్షణంలో కూడా తిరుగుతూనే ఉంది, బలం అంతే ఉంది, త్వరణం అంతే ఉంది. పైకి విసిరిన బంతి కూడా ఇంతే, పై కొసన ఆగినప్పుడు కూడా దాని త్వరణం 9.8 మీటర్/సెకన్²నే. కాకపోతే బంతి క్షణంలో కిందకొచ్చేస్తుంది, ఈ బండి తీరిగ్గా చూపిస్తుంది.

ఫ్యాన్ ముందు తెరచాపలా నిలబెట్టే అట్ట కూడా ఇచ్చాడు. అట్ట అదే బండికి బిగిస్తే ఫ్యాన్ ఎంత ఊదినా బండి దాదాపు కదలదు, అదే అట్టని ఊడదీసి చేత్తో ఫ్యాన్ ముందు పట్టుకుంటే బండి వెనక్కి పోతుంది. ఎందుకో పిల్లలే చెప్పాలి, మీరు చెప్పెయ్యకండి. బండి మీద పెట్టుకునే చిన్న నీటి బుడగ గొట్టం కూడా ఉంది, బండి బయల్దేరేటప్పుడు బుడగ ముందుకి పోతుంది, బ్రేక్ వేస్తే వెనక్కి పోతుంది, సమవేగంతో పోయేటప్పుడు బుద్ధిగా మధ్యలో కూర్చుంటుంది. బస్సు బ్రేక్ వేస్తే మనం ముందుకి తూలతాం కదా, బుడగ ఉల్టా ఎందుకు పోతోంది అని మా అమ్మాయి అడిగింది. ముందుకి తూలేది నీళ్లు, బుడగ కంటే నీళ్లు బరువు కాబట్టి అవి ముందుకి చేరి బుడగని వెనక్కి నెట్టేస్తాయి.

మిగిలిన చిల్లర సామాను గబగబా చెప్పేస్తా. కాగితం శంకువులు ఒకదాంట్లో ఒకటి నాలుగు దూర్చి వదిలితే, ఒక్కటి పడే వేగానికి దాదాపు రెండింతల వేగంతో పడతాయి, నాలుగింతలు కాదు, గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి. మంచి ప్రయోగం, ఖర్చు లేదు, కిట్ లేకుండా కూడా చెయ్యొచ్చు. బరువైనది ముందు పడుతుంది అనే మాట దగ్గర పిల్లలు పట్టుబడితే, 1971లో అపోలో-15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనీ ఒకేసారి వదిలిన వీడియో చూపించండి, గాలి లేదు కాబట్టి రెండూ కలిసే పడ్డాయి. గొట్టంలోంచి దారం వేసి రబ్బరు బిరడాని గిరగిరా తిప్పేది ఒకటుంది, దారం వదిలేస్తే బిరడా బయటికి కాదు, ఆ క్షణంలో ఎటు పోతోందో అటు తిన్నగా పోతుంది. ఇంట్లో మాత్రం చెయ్యకండి, ఆరుబయట చేయించండి, కళ్లకి అద్దాలు పెట్టి.

ఇప్పుడు బుక్‌లెట్. అచ్చు బాగుంది, రంగులు బాగున్నాయి, విషయం మాత్రం ఘోరం. ఆ బిరడా ప్రయోగం దగ్గర "బయటికి లాగే బలం వల్ల దారం బిగుస్తుంది" అని రాశాడు. దారం లోపలికి లాగుతోంది, అందుకే బిరడా తిన్నగా పోకుండా వంపు తిరుగుతోంది, పక్కన నిలబడి చూసేవాళ్లకి బయటికి లాగేది ఏమీ లేదు. ఇంకో చోట చర్య ప్రతిచర్య సమానం కాబట్టి అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి అన్నాడు, మరి అలా అయితే ప్రపంచంలో ఏదీ కదలకూడదు కదా! ఆ రెండు బలాలూ రెండు వేరువేరు వస్తువుల మీద పనిచేస్తాయి, ఒకే వస్తువు మీద కాదు, కాబట్టి రద్దయ్యే ప్రశ్నే లేదు. ఇంత మంచి ట్రాక్ తయారు చేసినవాళ్లు ఈ పుస్తకం ఎవరిచేత రాయించారో, కనీసం ఒక హైస్కూల్ ఫిజిక్స్ మాస్టారికి చూపించినా ఈ తప్పులు దొరికేవి. ట్రాక్‌కి ఐదు స్టార్లు, దిమ్మెకీ ఫ్యాన్ బండికీ ఐదు, టైమర్లకి మూడు, బుక్‌లెట్‌కి సున్నా, మొత్తం మీద నాలుగు ఇస్తున్నా.

కొనొచ్చా అంటే, ఎనిమిదో తరగతి దాటిన పిల్లలుండి, పక్కన కూర్చునే ఓపిక మీకుంటే కొనండి. పిల్లల చేతికిచ్చి మీరు మీ పని చూసుకుంటామంటే వద్దు, బండ్లు గుద్దించి ఆడుకోవడం తప్ప ఇంకేం జరగదు, దానికి మామూలు బొమ్మ కార్లు చాలు. చిన్న పిల్లలున్న ఇంట్లో అయస్కాంతాలు ఊడి వస్తాయేమో ఒకసారి గట్టిగా లాగి చూసుకోండి. కిట్‌లో ఇచ్చిన దారం సాగుతుంది, బరువు వదలగానే కొంచెం ఊగి కొలతలు పాడవుతాయి, చేపలు పట్టే నైలాన్ దారం వేసుకోండి. బరువు కింద నేల మీద మెత్తటి గుడ్డ ఏదైనా వెయ్యండి, బండి కప్పీకి కొట్టుకునేలోపే పట్టుకునే డ్యూటీ ఒకళ్లకి ఇవ్వండి. స్ప్రింగ్ త్రాసుని 5 న్యూటన్లు దాటి ఎవరినీ లాగనివ్వకండి, పందెం వేసుకుని లాగుతారు, ఒకసారి స్ప్రింగ్ సాగిపోయిందంటే ముల్లు మళ్లీ సున్నా దగ్గరికి రాదు, విడిగా అమ్మట్లేదు కూడా.